గోడల చెమ్మ, బూజు వల్ల ఊపిరితిత్తులకు శాశ్వత హాని జరుగుతుందా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మేము అద్దెకుంటున్న ఇంట్లో స్నానాల గదిని ఆనుకుని ఉన్న పడకగది గోడకు ఏడాది పొడవునా చెమ్మ ఉంటోంది. బీరువా జరిపి చూస్తే వెనుక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది, లోపలి చీరలకు ముక్కవాసన వస్తోంది. మా అత్తగారికి ఉబ్బసం లేదు గానీ, ఆ గదిలోకి మారినప్పటి నుంచి పొడిదగ్గు తగ్గడం లేదు. యజమాని రంగు వేయిస్తే సరిపోతుందంటున్నారు. ఈ గాలిని ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఊపిరితిత్తుల వైద్యుడు):
చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన మార్గదర్శకాల్లో పేర్కొంది. చాలామందికి చెమ్మ పోతే బాధ కూడా తగ్గుతుంది. అయితే కొందరిలో బూజు రేణువులకు ఊపిరితిత్తులు అతిగా స్పందించి లోలోపల వాచిపోతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఈ జబ్బును గుర్తించకుండా అదే గాలిని పీలుస్తూ పోతే కణజాలం గట్టిపడి మచ్చలు కడుతుంది, ఆ మచ్చలు మళ్లీ మానవు. మీరడిగిన శాశ్వత హాని ఇదే. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, బరువు తగ్గారా అన్నది గమనించండి. దగ్గు ఇన్నాళ్లుగా ఉంది కాబట్టి కఫ పరీక్షతో పాటు ఊపిరి సామర్థ్య పరీక్ష, అవసరమైతే ఛాతీ సీటీ స్కాన్ చేయించడం మంచిది.

ఇంతకీ ఇంట్లో ఎయిర్ కూలర్ ఉందా? మన దేశంలో 27 కేంద్రాల్లో ఊపిరితిత్తుల కణజాలం వాచి గట్టిపడే రకం జబ్బులున్న 1,084 మంది రోగుల వివరాలతో 2017లో వెలువడిన అధ్యయనంలో దాదాపు సగం మందికి ఈ జబ్బే ఉన్నట్టు తేలింది. వారిలోనూ ఇంచుమించు సగం మంది కూలర్ గాలికి అలవాటుపడినవారే.

సమాధానం (సివిల్ ఇంజినీరు):
రంగు వేస్తే బూజు కొన్నాళ్లు కనబడకుండా పోతుంది, అంతే. గోడ మీద ఒక ప్లాస్టిక్ కవరు పరచి నాలుగువైపులా టేపు అంటించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటిబొట్లు చేరితే నీరు లోపలి నుంచే వస్తున్నట్టు. అప్పుడు స్నానాల గది టైల్స్ సందులు, నీరుపోయే జాలీ చుట్టూ, గోడలోని పైపులు పరీక్షించాలి. నానిన ప్లాస్టరు చెక్కేసి, గోడ పూర్తిగా ఆరాకే కొత్తది వేయించాలి. బూజు కడగడానికి బ్లీచింగ్ వాడేవారు బాత్‌రూమ్ యాసిడ్‌ను దానితో పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు వెలువడుతుంది.

ప్రశ్నించినవారు:
కూలర్ ఉందండి, అత్తగారి మంచం పక్కనే. గడ్డి మార్చి చాలాకాలమైంది.

వైద్యుడు:
అయితే దాన్ని ఈ రోజే ఆపేసి, ఆమెను వేరే గదికి మార్చండి. స్కాన్‌కు వెళ్లినప్పుడు కూలర్ సంగతి, గోడ సంగతి రెండూ డాక్టరుకు మీరే చెప్పండి. అడగకపోతే ఎవరూ చెప్పరు, చెప్పకపోతే చాలాసార్లు మాకు తట్టదు.