ఈ వారం సమస్య: "భయము లేనివాడు బంటు కాడు"

నిర్వాహకుడు, శ్రీకాకుళం:
ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచెయ్యాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) భ–బ. ఈసారి నేపథ్యం అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడ్డ మనిషి. ఎలుగుబంట్లకీ పొగరు గుర్రాలకీ మొదట్లో భయపడేవాణ్ణనీ, భయం లేనట్టు నడుచుకోగా అది క్రమంగా వదిలిందనీ ఆత్మకథలో రాసుకున్నాడు. 1899లో షికాగోలో కష్టపడి బతకడమే బతుకన్నాడు. 1910లో పారిస్‌లో పౌరధర్మం గురించి మాట్లాడుతూ, లెక్కలోకి వచ్చేది తప్పులెన్నేవాడు కాదు, దుమ్మూ చెమటా పూసుకుని బరిలో దిగినవాడన్నాడు. ఆయన్నే పొగడాలని లేదు, మన జిల్లావాళ్లయినా సరే.

టెక్కలి మాస్టారు:

ఎలుగు జూచి బెదరి, యెగసిన గుఱ్ఱంబు
గాంచి వణకి, వణకు గానరాక
నిలిచి చేయు పనియె నిక్కమౌ ధైర్యంబు
భయము లేనివాడు బంటు కాడు

బొబ్బిలి వీణ:
మూడో పాదం చాలా బాగుంది మాస్టారూ. జూచి, గాంచి మాత్రం ఒకే పనికి రెండు మాటలు. ఇంకో అనుమానం. 1912లో మిల్వాకీలో ఛాతీలో గుండు దిగినా గంటకు పైగా ఉపన్యాసం ఇచ్చాడు కదా, అక్కడ భయమేది?

టెక్కలి మాస్టారు:
ఉందమ్మా. ముందు దగ్గి చూసుకున్నాడు. నెత్తురు పడలేదు కాబట్టి ఊపిరితిత్తికి తగల్లేదని లెక్కేసుకుని వేదికెక్కాడు. జేబులో మడతపెట్టిన ఉపన్యాసం కాగితాలూ కళ్లజోడు డబ్బా గుండు జోరు తగ్గించాయనుకోండి. అయినా దగ్గి చూసుకున్నవాడికి భయం లేదంటే నేనొప్పుకోను.

సోంపేట కొబ్బరితోట:
మాస్టారు బంటును వీరుడన్నారు, నేను నౌకరన్నాను. బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న మీద:

రైతు పక్షమయ్యె రణమున లచ్చన్న
జైలు గోడ కతడు జంకలేదు
దొరల గడప ముందు దోసిలి పట్టని
భయము లేనివాడు బంటు కాడు

నిర్వాహకుడు:
శభాష్! మూడో పాదం నాలుగోదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచీ జైళ్లు చూసిన మనిషికి రెండో పాదం అతికింది. తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరుంది, దాని మీద కూడా ఎవరైనా రాయొచ్చు.

అన్నట్టు ఒకరు తేటగీతిలో పంపారు. సమస్యలో అయిదూ సూర్యగణాలే (పొట్టి గణాలు), పాదానికి రెండు ఇంద్రగణాలు (పొడుగు గణాలు) కావాల్సిన తేటగీతిలో ఎలా ఇముడుతుందండీ? పక్కన పెట్టాను.

రాజాం కుర్రాడు:

గట్టు మీద నుండి కష్టించు వానికి
వంక బెట్టువాడు వాగె నిట్లు
ఊరి పనికి రాక యోటైన వేయక
భయము లేనివాడు బంటు కాడు

టెక్కలి మాస్టారు:
పారిస్ ఉపన్యాసాన్ని మన చెరువు గట్టుకి తెచ్చావు, బాగుంది. గణాలూ యతులూ సరే. కానీ "వాగె నిట్లు" తరవాత వాగిన మాట రావాలి కదా, మధ్యలో మూడో పాదం అడ్డొచ్చి అన్వయం చెడింది. పైగా సమస్యను వెర్రివాడి నోట పెట్టి తప్పుకోవడం పాత దొడ్డిదారి. అష్టావధానాల్లో టెన్షన్‌లో చేస్తే చెల్లుతుంది గానీ, వారం గడువున్న నీకెందుకు?

రాజాం కుర్రాడు:
ఓటు సంగతి ఎలాగైనా పెట్టాలని ఆశపడ్డానండి. దిద్ది పంపుతాను.

బొబ్బిలి వీణ:
అందరూ మగవాళ్ల మీదే రాస్తున్నారేం? 1940లో మందస ఎస్టేటు రైతుల పోరులో పోలీసు కాల్పులకు నేలకొరిగిన నిండు గర్భిణి వీరగున్నమ్మ గుర్తులేదా?

సోంపేట కొబ్బరితోట:
పాదంలో "వాడు", "కాడు" ఉన్నాయి కదండీ. ఆవిడ ఎలా ఇముడుతుంది?

బొబ్బిలి వీణ:
ఆవిణ్ణి ఇమడ్చక్కర్లేదు, కాల్చినవాణ్ణి ఇమడ్చండి. మొదటి మాట దగ్గర పాదం విరిచాను:

నిండు చూలి యనక నిప్పులు చెరిగిన
గుండు వెనుక నున్న గుండె చూడు
పాపమనిన లేదు, పరమాత్మ యన లేదు
భయము, లేనివాడు బంటు కాడు

టెక్కలి మాస్టారు:
ఈ వారానికి నా ఓటు దీనికే.