అమ్మకు బ్లూబెర్రీ పొడి పంపిస్తానంటున్నాడు అన్నయ్య, తీసుకోమంటారా?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. రక్తం తక్కువగా ఉందన్నారు డాక్టరు. అన్నయ్య అమెరికా నుంచి బ్లూబెర్రీ, ఆకుకూరలు కలిపిన సూపర్‌ఫుడ్ పొడి పంపిస్తానంటున్నాడు. రోజూ చెంచాడు కలుపుకుని తాగితే పళ్లు తిన్నంత బలం వస్తుందా?

జవాబు: రాదండీ. తాజా బ్లూబెర్రీలో సుమారు 84 శాతం నీళ్లే కాబట్టి 5 గ్రాముల పొడి అంటే 30 గ్రాముల పండు, అదీ డబ్బాలో పూర్తిగా బెర్రీయే ఉంటే. ఆ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడు పళ్లలోనూ ఉన్నాయి. విటమిన్ సి లో అయితే ఉసిరికాయ ముందు బ్లూబెర్రీ అసలు నిలవదు.

జవాబు: అసలు రక్తం ఎందుకు తగ్గిందో ముందు తేల్చుకోండి, ఈ వయసులో అది చాలా ముఖ్యం. బ్లూబెర్రీలో ఐరన్ నామమాత్రమే. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకుండా, తోటకూర పప్పులో నిమ్మరసం పిండి పెట్టండి, విటమిన్ సి తోడైతే ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, కనీసం గంట ఆగమనండి.

జవాబు: అమ్మగారు గుండెకు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లాంటి మాత్ర వాడుతున్నారా? ఆకుకూరల పొడిలో విటమిన్ కె ఎక్కువ, ఆ మందు పనిని తగ్గిస్తుంది. డబ్బా మీద రాసింది ఫొటో తీసి డాక్టరుకు చూపించాకే మూత తీయండి.