విశాఖ పాతూరైన వన్‌టౌన్ మొత్తాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించాలా? మీ అభిప్రాయం చెప్పండి

ఎంవీపీ_మాస్టారు: ప్రకటించాలంటాను, సర్కారుకి వినతిపత్రం ఇద్దామంటాను. విశాఖ అంటే ఆర్కే బీచే అనుకుంటున్నారు ఇప్పటి పిల్లలు. 1805లో లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెగ్రాంజెస్ ఇక్కడే దిగి, తెలుగు నేర్చుకుని బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. 1847లో సెయింట్ అలోషియస్ బడి వచ్చింది. బొబ్బిలి రాజా కట్టించిన టౌన్ హాల్, రాణీబొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం), రాస్ హిల్ చర్చి అన్నీ నడిచి చూడగలిగినంత దూరంలోనే ఉన్నాయి. సి.వి. రామన్ చదివింది కూడా ఇక్కడే.

ఏవీఎన్_పూర్వవిద్యార్థి: రామన్ సంగతి ఎత్తి మా కాలేజీ పేరే మింగేశారేం? 1860 నాటి సంస్థ. ఆయన తండ్రి పాఠాలు చెప్పింది ఏవీఎన్‌లోనే.

ఎంవీపీ_మాస్టారు: నేను మాట్లాడేది కొడుకు గురించి. పదకొండో ఏట మెట్రిక్ పాసైంది అలోషియస్ నుంచి.

ఏవీఎన్_పూర్వవిద్యార్థి: మెట్రిక్ తర్వాత ఎఫ్‌ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది) ఎక్కడో అదీ చెప్పండి మరి.

సోల్జర్‌పేట_సిస్టర్: మూడు కొండలు ఒకే వరసలో ఉంటాయి: రాస్ హిల్ మీద చర్చి, పక్కన దర్గా, ఆ పక్కన వెంకన్న గుడి. ఇది మాత్రం మర్చిపోకండి.

కోటవీధి_గుంటడు: మాస్టారూ, రామన్‌ని కాసేపు పక్కనెట్టండి. మాది పెంకుటిల్లు. వానొస్తే మూడు గదుల్లో గిన్నెలు పెడతాం. రేపు మీరు ప్రకటించేస్తే పెంకు మార్చడానికి ఎవర్నడగాలి? కర్చు ఎవుడిస్తాడు?

ఎంవీపీ_మాస్టారు: ఒక్క ఇంటి గురించి చరిత్రని ఆపుతామా?

కోటవీధి_గుంటడు: ఒక్క ఇల్లేటండీ! గాలి ఇటు తిరిగితే హార్బరు బొగ్గు పొడికి మేడ మీద ఆరేసిన బట్టలు నల్లబడిపోతాయి. కాలువ పొంగితే మురుగు అరుగు దాకా వచ్చేస్తాది. అవేవీ కనబడవు మీకు. కార్నీసూ కిటికీ బాగున్నాయంటారు, ఫొటో తీసుకుని ఎల్లిపోతారు. హార్బరు 1933లో వచ్చింది, యూనివర్సిటీ వాల్తేరు వైపు కట్టారు, డబ్బున్నోళ్ళు దానెనకే పోనారు. మీరూ అలగే పోనారు. మీ వాటా అమ్ముకుని ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొన్నాక ఇప్పుడు మాకు నీతులా?

రైల్వే_రాజు: అదీ మాట!

ఎంవీపీ_మాస్టారు: వ్యక్తిగతంగా దిగొద్దు. వాటా అమ్మింది నేనొక్కణ్ణే కాదు, అన్నదమ్ములం అందరం. కొన్నవాడు ఆ నెల్లోనే పడగొట్టి బైకులు నిలుపుకునే జాగా చేశాడు. మా అమ్మ కోసం మా నాన్న దూలాల మీద ఇటుక, సున్నంతో వేయించిన మద్రాసు మేడ అది. ఆనాడు అడ్డుకునే చట్టం ఒకటుంటే మాకంత డబ్బు వచ్చేది కాదు, నిజమే. ఇల్లు మాత్రం ఉండేది.

కోటవీధి_గుంటడు: అంటే మీరు అమ్మేవరకు చట్టం ఉండకూడదు, మేం అమ్మేటప్పటికి ఉండాలి!

సోల్జర్‌పేట_సిస్టర్: ఇద్దరూ ఒక మాట వినండి. మా చర్చికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇప్పుడు గాజువాక, మధురవాడల నుంచి బస్సెక్కి వస్తారు. ఆదివారం ఆరాధన మధ్యలో కెమెరాలతో దూరి, బలిపీఠం దగ్గర నిలబడే జంటల్ని మేం ప్రతి వారం చూస్తున్నాం. పాతదని చెప్పి చూపించే ముందు, అది ఇంకా వాడుకలో ఉన్న ప్రార్థనా స్థలమని గుర్తుంచుకోవాలి. టౌన్ హాలైనా అంతే. పెద్దల సభలకే తాళం తీస్తే, దాని ముంగిట ఆడుకునే పిల్లలు ఎక్కడికి పోవాలి?

కోటవీధి_గుంటడు: అదే నేననేది. బళ్ళు, చర్చిలు, టౌన్ హాలు అందరివీ, కాపాడుకోండి, నేనూ వస్తాను. మా ఇళ్ళ జోలికి రాకండి.

ఎంవీపీ_మాస్టారు: అక్కడే నాకూ మీకూ కుదరదు. చుట్టూ వీధి పోయి చర్చి ఒక్కటే మిగిలితే అది ఊరెలా అవుతుంది? అరుగులూ పెంకులూ లేని వన్‌టౌన్‌లో రాణీబొమ్మ దేన్ని చూస్తుంది?

కోటవీధి_గుంటడు: సరే. పెంకు మార్చుకోవడానికి ఎన్ని రోజుల్లో అనుమతిస్తారో, కర్చులో సర్కారు ఎంత భరిస్తాదో ఆ వినతిపత్రంలో ముందు రాయించండి. ఆ రెండు లైన్లూ ఉంటే మా వీధి సంతకాలు నేను తెస్తాను. లేకపోతే మా ఇంటి దగ్గరకి కొలత టేపుతో ఎవుడొచ్చినా తలుపు తియ్యం.