ఇంట్లో గంజాయి నెయ్యి: కెనడా చట్టం ఒప్పుకుంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలా?

టొరంటో వాసి:
రెండేళ్లుగా నడుంనొప్పి, నిద్ర లేదు. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి చట్టబద్ధం. ఒంటారియోలో ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చు, ఇంట్లో వండుకోవచ్చు. నేను నెయ్యిలో కాచి సున్నుండలు చేసుకుంటున్నాను. రాత్రికి సగం ఉండ తింటే హాయిగా నిద్ర పడుతోంది. వచ్చే నెల అత్తామామలు భీమవరం నుంచి వస్తున్నారు. మా ఆవిడ ఇదంతా ఆపేయమంటోంది. నేనేం నేరం చేశానని ఆపాలి?

గోదారి గట్టు:
సున్నుండల్లో గంజాయా? రామ రామ.

ఫార్మసీ అక్క:
నేనూ ఇక్కడే మందుల షాపులో పని చేస్తాను. నేరం సంగతి తర్వాత చూద్దాం. మీ ఉండలో ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఉందో చెప్పండి. గంజాయి షాపులో అమ్మే తినుబండారాల ప్యాకెట్‌లో 10కి మించకూడదు. ఇంటి నెయ్యికి లెక్కేముంది? ఒక ఉండలో తక్కువ పడుతుంది, పక్కదాంట్లో రెట్టింపు పడుతుంది. పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట పట్టొచ్చు, రెండు గంటలు కూడా పట్టొచ్చు. పైగా కాలేయంలో అది ఇంకా గట్టి పదార్థంగా మారుతుంది. ఏమీ అనిపించడం లేదని ఇంకోటి తిన్నవాళ్లే ఎమర్జెన్సీకి వస్తారు.

టొరంటో వాసి:
ఏడాదిగా తింటున్నాను, నా లెక్క నాకు తెలుసు అక్కా. అయినా మన దేశంలో లేనిదా ఇది? కాశీలో భంగు ప్రభుత్వ లైసెన్సు దుకాణాల్లోనే అమ్ముతారు.

చింతపల్లి అబ్బాయి:
అన్నా, భంగు వేరు, గంజాయి వేరు. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత. పూత లేకుండా ఉత్త ఆకు, గింజ అయితే అందులోకి రావు. భంగు ఆకుతో చేస్తారు. మీరు వాడేది ఆకా, పూతా?

టొరంటో వాసి:
పూతే. అయితే ఏంటి? మొక్క ఒకటే కదా.

చింతపల్లి అబ్బాయి:
మొక్క ఒకటే గానీ శిక్ష ఒకటి కాదు. 20 కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తక్కువ పడదు, బెయిల్ దొరకడం గగనం. మా చిన్నాన్న కొడుకు కూలి డబ్బుల కోసం మూట మోశాడు. మూడేళ్లుగా జైల్లో ఉన్నాడు, కేసు ఇంకా తేలలేదు. వాడి కూతురు నడక నేర్చింది కూడా వాడు చూడలేదు. అదే పూతతో మీరు సున్నుండలు చుట్టుకుంటున్నారు. కడుపు మండుతుంది అన్నా.

గోదారి గట్టు:
స్మగ్లింగ్‌కీ ఈయన నడుంనొప్పికీ ఏం సంబంధం?

టొరంటో వాసి:
అదే నేనూ అంటున్నాను! మీవాడి కేసుకి నన్ను ముద్దాయిని చేస్తే ఎలా? నా నొప్పి ఎవరికీ పట్టడం లేదు. తెల్లారి మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి నేను.

ఫార్మసీ అక్క:
గోడ అన్నారు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ల క్రితం మా బంధువుల ఇంట్లో ఫ్రిజ్‌లో స్టీలు డబ్బా, నిండా కోవా బిళ్లలు. డబ్బా మీద ఏమీ రాసిలేదు. మా అమ్మ రెండు తింది. రాత్రి తొమ్మిదికి గోడను రెండు చేతులతో పట్టుకుని, "ఇది కదులుతోందే" అంటూ వణికిపోయింది. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంది. పక్షవాతమేమోనని ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. ఆ ఇంటాయన మా పక్కనే కూర్చుని మూడు గంటలు నోరు విప్పలేదు. పరువు పోతుందట! ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మా అమ్మ అంత నరకం పడేది కాదు. ఇప్పటికీ ఆవిడ ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టదు.

టొరంటో వాసి:
అయ్యో. అమ్మగారి సంగతి వింటే బాధేసింది. కానీ నేను ఆయనలా కాదు. తాళం ఉన్న డబ్బా కొంటాను.

ఫార్మసీ అక్క:
మరి అత్తామామలకు చెబుతారా?

టొరంటో వాసి:
ఎలా చెప్పమంటారు? అల్లుడు గంజాయి తింటాడని ఊళ్లో తెలిస్తే నేను మళ్లీ ఆ గడప తొక్కగలనా? మా ఆవిడతో కూడా అదే అన్నాను, అడిగితే ఆయుర్వేదం అని చెప్పు అని.

చింతపల్లి అబ్బాయి:
అన్నా, వదిన ఆపమన్నది ఉండలనా, ఆ అబద్ధాన్నా?

టొరంటో వాసి (మర్నాడు):
అడిగాను. "నీ నొప్పి నాకు తెలుసు, తిను. మా నాన్నతో మాత్రం నా నోటితో అబద్ధం ఆడించకు" అంది. నాకింకా ధైర్యం చాలడం లేదు. డబ్బా అయితే కొన్నాను, తాళం నా దగ్గరే ఉంటుంది.

ఫార్మసీ అక్క:
మంచిది. డబ్బా మీద ఏమని రాశారు?

టొరంటో వాసి:
"నడుంనొప్పి మందు" అని.

ఫార్మసీ అక్క:
మా అమ్మకీ నడుంనొప్పే. అలా రాసి ఉంటే ఇంకో రెండు తినేది.