ఆఫ్‌సెట్ భూముల వివరాలు అందరికీ తెరిచి ఉంచాలా?

(ఆన్‌లైన్ చర్చ; ఇక్కడ కనిపించేవి సభ్యులు పెట్టుకున్న పేర్లు.)

చిత్తడినేల:
ఒకచోట అడవినో మడుగునో ప్రాజెక్టు కోసం తీసేసి, దానికి బదులు ఇంకోచోట ప్రకృతిని పెంచుతామని మాట ఇస్తారు. దీన్నే జీవవైవిధ్య ఆఫ్‌సెట్ అంటున్నాం. ఆ మాట నిలబడిందా అని చూడాలంటే ముందు ఆ 'ఇంకోచోటు' ఎక్కడుందో తెలియాలి కదా! 2018లో జోసెఫ్ బుల్, నీల్స్ స్ట్రేంజ్ అనే పరిశోధకులు లెక్క తీస్తే 37 దేశాల్లో 12,983 ఆఫ్‌సెట్‌లు, సుమారు 1,53,000 చదరపు కిలోమీటర్లు తేలాయి. అంత నేల! మరుసటి ఏడాది వచ్చిన ఇంకో సమీక్షలో, ఫలితాలు నమోదైన వాటిలో మూడో వంతు మాత్రమే 'నికర నష్టం లేదు' (అంటే పోయినంత ప్రకృతీ తిరిగి రావడం) అనే లక్ష్యాన్ని అందుకున్నాయని తేలింది. అసలు ఫలితాలే నమోదు కానివాటి సంగతేమిటి? హద్దులు, ఇచ్చిన హామీ, ఏటా వచ్చే మానిటరింగ్ రిపోర్టు, ఈ మూడూ ఎవరూ అడగకుండానే బయట పెట్టాలని నా వాదన.

గుహబల్లి:
ఉద్దేశం మంచిదే, కానీ హద్దులు బయట పెట్టడం దగ్గర నేను ఒప్పుకోను. చైనాలో ఒక గుహబల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించారు. అది దొరికే చోటు పరిశోధన పత్రంలో అచ్చయింది. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోయేవాళ్ళు అక్కడికి చేరారు, కొన్నేళ్ళకే ఆ చోట ఆ బల్లి లేకుండా పోయింది. ఆఫ్‌సెట్ భూముల్ని ఎంచుకునేదే అరుదైన జాతుల కోసం. వాటికి మ్యాప్ గీసి ఇవ్వడమంటే దొంగకు తాళంచెవి ఇవ్వడమే. పైగా చాలాచోట్ల ఆ భూమి ఒక రైతుది. ఎవరెవరో వచ్చి గట్టు మీద నిలబడి ఫొటోలు తీస్తుంటే రేపు ఇంకో రైతు ముందుకొస్తాడా?

చిత్తడినేల:
గుహబల్లి గారూ, మీ భయం నిజమే. దాన్ని చట్టాలూ గుర్తించాయి. పర్యావరణ సమాచారం ప్రజల హక్కని చెప్పిన 1998 నాటి ఆర్హస్ ఒప్పందమే, అరుదైన జాతులు సంతానోత్పత్తి చేసే చోట్ల వివరాలను ఇవ్వకుండా ఉండొచ్చంటుంది. అయితే అలాంటి మినహాయింపులను ఇరుకుగా చదవాలని కూడా అదే ఒప్పందం చెబుతుంది. గూడు ఎక్కడుందో దాచండి. ఎన్ని హెక్టార్లు, ఏ రకం ఆవాసం, ఏ ప్రాజెక్టుకు బదులు, ఎన్నేళ్ళ హామీ... ఇవి చెబితే ఏ బల్లికీ ప్రమాదం లేదు. ఫ్రాన్స్‌లో 2016 చట్టం వచ్చాక పరిహార చర్యలను, అంటే ఆఫ్‌సెట్ పనులను, మ్యాప్ మీద ప్రజలకు చూపిస్తున్నారు.

గట్టుమీదచెట్టు:
ఫీల్డ్ సర్వేలు చేసే మనిషిని, అందుకే కలగజేసుకుంటున్నాను. ఒకసారి ఒక మడుగు దగ్గర కప్పల్ని లెక్కపెట్టి వచ్చాను. రెండేళ్ళ తర్వాత వేరే ప్రాజెక్టు కాగితాల్లో అదే మడుగు, అవే కొలతలు, కొత్త పరిహారంగా కనిపించింది. నేను గుర్తుపట్టింది అక్కడ మోకాలి లోతు బురదలో దిగాను కాబట్టి. రెండు ఫైళ్ళూ రెండు వేర్వేరు బీరువాల్లో ఉన్నాయి, రెండూ చూసిన అధికారి ఒక్కరూ లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పబ్లిక్ రిజిస్టర్ ఉంటే ఇది ఎవరైనా ఒక్కరోజులో పట్టుకునేవారు.

ఇంకో మాట. హద్దుల గురించే కొట్లాడుకుంటున్నాం గానీ, పని మొదలవకముందు ఆ నేల ఎలా ఉండేదో చెప్పే లెక్క అంతకన్నా ముఖ్యం. అది లేకపోతే ముందునుంచీ పచ్చగా ఉన్న అడవినే చూపించి 'మేం పెంచాం' అనొచ్చు. ఇంగ్లండ్‌లో 2024 నుంచి, మినహాయింపు ఉన్నవి పోను, కొత్త నిర్మాణాలు ముందున్నదానికన్నా 10 శాతం జీవవైవిధ్య లాభం చూపాలి, దాన్ని 30 ఏళ్ళు కాపాడాలి. సైటు బయట చేసే పనులకు జాతీయ రిజిస్టర్ ఉంది. నిర్మాణం జరిగే స్థలంలోనే చేస్తామన్న పనులు ఆ రిజిస్టర్లోకి రానక్కర్లేదు. 30 ఏళ్ళలో అధికారులు మారతారు, కంపెనీలు చేతులు మారతాయి. ఆ పక్కనే ఉండే జనానికి హామీ కాగితం దొరక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

గుహబల్లి:
మడుగు సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. విస్తీర్ణం, హామీ, ముందటి లెక్క, రిపోర్టులు బయట పెట్టాల్సిందే. అరుదైన జాతి ఉన్నచోట మాత్రం హద్దులు మసకగా చూపాలి. ఎందుకు మసక చేశారో కారణం అక్కడే రాయాలి. రైతు పేరు మాత్రం వద్దు, దాని మీద నేను తగ్గను.