ఓ.1 పరీక్షలో 3:7 రిఫరెన్స్ మండే సమయం నిలకడగా రావడం లేదు

గరాటు70:
ఘన ఆక్సిడైజర్ల (ఇతర పదార్థాలు మండటానికి తోడ్పడేవి) కోసం ఐక్యరాజ్యసమితి మాన్యువల్‌లో ఉన్న ఓ.1 పరీక్ష చేస్తున్నాం. ఇందులో శాంపిల్‌ను సెల్యులోజ్‌తో కలిపి కుప్పగా కాల్చి, మండే సమయాన్ని బ్రోమేట్ రిఫరెన్స్ మిశ్రమంతో పోలుస్తారు. శాంపిల్ ఒక అకర్బన నైట్రేట్, గరుకు స్ఫటికాలు. పొటాషియం బ్రోమేట్, సెల్యులోజ్ 3:7 మిశ్రమానికి ఐదు రీడింగులు తీస్తే ఒకటి 84 సెకన్లు, ఇంకొకటి 131. మిగతా మూడూ ఆ మధ్యలో చెల్లాచెదురుగా ఉన్నాయి. సగటు 105. శాంపిల్‌కు (శాంపిల్, సెల్యులోజ్ నిష్పత్తి) 1:1లో సగటు 109, 4:1లో 146.

రిఫరెన్స్ కాస్త అటు జరిగితే కేటగిరీ 3 (ఆక్సిడైజర్లలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదపు శ్రేణి), ఇటు జరిగితే వర్గీకరణే లేదు. బ్రోమేట్ 0.15–0.30 మి.మీ. మధ్య జల్లెడ పట్టిందే. సెల్యులోజ్‌ను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టే వాడుతున్నాం. కుప్పను అంటించే వైర్‌కు పవర్ సప్లై 16.4 వోల్టుల మీద ఉంది. లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

తడిలేనిసెల్యులోజ్:
ముందు శాంపిల్ రీడింగులు పక్కన పెట్టండి. కొలబద్దే ఊగుతుంటే దానితో కొలిచినదానికి అర్థం లేదు.

మొదట సెల్యులోజ్‌ను అనుమానించండి. ఓవెన్‌లో పెట్టాం అంటే చాలదు. పొర మందం 25 మి.మీ. మించకూడదు, 105 డిగ్రీల దగ్గర 4 గంటలు, బరువు స్థిరపడేదాకా. చివరికి తేమ 0.5 శాతంలోపు ఉండాలి. బీకర్ నిండా పోసి పెడితే పైపొర ఆరుతుంది, నడుమ తేమ అలాగే ఉంటుంది. ఆ బీకర్‌లోంచే వరుసగా తూస్తే ఒక్కో కుప్ప ఒక్కోలా మండుతుంది. వెడల్పాటి ట్రేలో పరచండి. డెసికేటర్‌లోంచి (తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర) తీశాక డబ్బా మూత తెరిచే ఉంచి ఐదు తూకాలూ వేస్తే మొదటిదానికీ ఐదోదానికీ తేమ ఒకటి కాదు. ఆరిన వెంటనే మూత ఉన్న చిన్న సీసాల్లోకి పంచి, ఒక్కో పరీక్షకు ఒక్కో సీసా తెరవండి. బ్రోమేట్‌కైతే 65 డిగ్రీలు, కనీసం 12 గంటలు. దాన్ని జల్లెడ పట్టాలే గానీ నూరకూడదు.

రెండోది కలపడం. 150 గ్రాములు ఒకేసారి కలిపి ఐదు భాగాలు చేస్తున్నారా? అలా చేయొద్దు. బ్రోమేట్ గింజ బరువు, సెల్యులోజ్ పీచు తేలిక. సీసా కదిలిన కొద్దీ గింజలు అడుక్కు చేరతాయి. ప్రతి 30 గ్రాములూ విడిగా తూచి (3:7కి 9.0 గ్రా. బ్రోమేట్, 21.0 గ్రా. సెల్యులోజ్) విడిగా కలిపి, వెంటనే వాడాలి. సెల్యులోజ్‌లో ఉండలుంటే బ్రోమేట్ చేరకముందే విడగొట్టండి. రెండూ కలిశాక కల్వంలో నూరడం, లోహపు గరిటెతో గీకడం పనికిరావు. షీల్డ్ వెనక నెమ్మదిగా దొర్లించి కలపాలి.

ఇంకో మాట: రిఫరెన్స్‌కు ఒక లాట్ సెల్యులోజ్, శాంపిల్‌కు ఇంకో లాట్ వాడితే పోలిక చెల్లదు. లాట్ మారితే రిఫరెన్స్ మళ్ళీ మొదటినుంచి.

ఓమ్స్_1.8:
పైన చెప్పినవన్నీ నిజమే. కానీ 16.4 వోల్టులు అన్న దగ్గర నాకు అనుమానం వచ్చింది.

వైర్ 30 సెం.మీ., మీటరుకు 6 ఓమ్‌లు, అంటే 1.8 ఓమ్‌లు. 150 వాట్లు రావాలంటే వైర్ రెండు కొసల మధ్య 16.4 వోల్టులు, 9.1 ఆంపియర్లు కావాలి. లెక్క సరే. కానీ మీరు సెట్ చేసింది సప్లై దగ్గర. కేబుళ్ళు, క్లిప్పులు కలిపి 0.1 ఓమ్ ఉందనుకోండి: కరెంటు 8.6 ఆంపియర్లకు పడుతుంది, వైర్‌లో మిగిలేది 134 వాట్లు. అనుమతించిన తేడా 7 వాట్లే, కాబట్టి 143 కన్నా తగ్గకూడదు.

పవర్ తక్కువైతే అన్ని రీడింగులూ ఒకే వైపు జరగాలి కదా, చెల్లాచెదురు ఎందుకు అంటారా? క్లిప్ వల్ల. మసి, ఉప్పు పట్టిన క్లిప్‌ను బిగించిన ప్రతిసారీ దాని నిరోధం మారుతుంది. మల్టీమీటర్ ప్రోబులను క్లిప్పుల లోపలివైపు వైర్‌కే ఆనించి వోల్టేజీ చూడండి, కరెంటు విడిగా చూడండి, రెండూ గుణించండి. వైర్ వేడెక్కాక నిరోధం కొంచెం పెరుగుతుంది కాబట్టి చల్లని వైర్ లెక్కతో ఆగిపోకండి. వాడిన వైర్ తినుకుపోయి సన్నబడితే (వ్యాసం 0.6 మి.మీ. ఉండాలి, తేడా 0.05) పారేయండి. మధ్యలో వైర్ తెగితే, ఫలితం మీద ప్రభావం లేదని స్పష్టంగా తెలిస్తే తప్ప, ఆ రీడింగు లెక్కలోకి రాదు.

గరాటు70:
క్లిప్పుల లోపల కొలిస్తే 15.5 వోల్టులే ఉంది. మిశ్రమాన్ని పెద్దమొత్తంలో కలిపిన మాట కూడా నిజమే. రెండూ సరిచేస్తాం. ఇంకో రెండు సందేహాలు: మంట ఆగాక చాలాసేపు చిటపటలాడుతోంది, స్టాప్‌వాచ్ ఎక్కడ ఆపాలి? శాంపిల్‌ను నూరాలా?

పీజీ_మూడు:
సమయం స్విచ్ వేసిన క్షణంనుంచి మొదలవుతుంది, మంట కనిపించినప్పటినుంచి కాదు. ప్రధాన చర్య, అంటే మంట గానీ ఎర్రగా కణకణలాడుతూ కాలడం గానీ, ముగియగానే ఆపాలి. తర్వాత ఆగి ఆగి వచ్చే రవ్వలు, చిటపటలు లెక్కలోకి రావు. ఇద్దరు మనుషులు ఇక్కడే ఇరవై సెకన్లు తేడా పడగలరు. వీడియో తీసి, రిఫరెన్స్‌కూ శాంపిల్‌కూ ఒకే మనిషి చూడటం మేలు. అసలు అంటుకోకపోతే 3 నిమిషాల వరకు పవర్ ఉంచాలి.

నూరడం: శాంపిల్‌లో 500 మైక్రాన్లకన్నా సన్నని పొడి బరువులో 10 శాతం దాటినా, స్ఫటికాలు సులువుగా చిదిమిపోయేవైనా మొత్తం నూరాలి. రవాణాలో ఎలాగూ పొడి అవుతుందన్నది ఉద్దేశం. లేకపోతే వచ్చిన రూపంలోనే పరీక్షించాలి. మీ గరుకు స్ఫటికాలకు ఈ తనిఖీ చేయకపోతే 109 అన్న సంఖ్యే మారిపోవచ్చు. నూరేది శాంపిల్‌ను మాత్రమే, శుభ్రమైన కల్వంలో, కొంచెం కొంచెంగా.

ఫ్యూమ్ హుడ్ కూడా చూడండి. కుప్ప దగ్గర గాలి వేగం సెకనుకు 0.5 మీటర్లు దాటకూడదు. కుప్పను చేత్తో సర్దకండి: కొస మూసిన 60 డిగ్రీల, 70 మి.మీ. గరాటులో నింపి, వైర్ లూప్ ఉన్న పలకపై బోర్లించండి. గరాటును తట్టి కుదిస్తే ఆ రీడింగు వేరుగా వస్తుంది. వేడి తగ్గని పలకమీద తర్వాతి కుప్ప పెట్టడం కూడా ఇలాంటి తప్పే. రెండు మూడు పలకలు మార్చి మార్చి వాడండి.

వర్గీకరణకు 1:1, 4:1 రెండింటిలో ఏది వేగంగా మండితే అదే చూడాలి. అది 3:7 సగటుకు సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే కనీసం కేటగిరీ 3. 3:7 గీటుకు ఇంత దగ్గరగా ఉన్న శాంపిల్‌కు "వర్గీకరణ లేదు" అని నేనైతే సంతకం పెట్టను. ముందు ప్రమాదకర వస్తువుల జాబితాలో మీ నైట్రేట్ పేరు ఉందేమో చూడండి. పొటాషియం నైట్రేట్ (యూఎన్ 1486), సోడియం నైట్రేట్ (యూఎన్ 1498) వంటివి అక్కడ పేరుతోనే 5.1 (ఆక్సిడైజర్ల విభాగం) కింద ఉన్నాయి. ఆక్సిడైజర్ అని వాడుకలో తెలిసిన పదార్థం విషయంలో పరీక్ష ఫలితం వేరుగా వస్తే, తెలిసిన అనుభవానిదే పైచేయి.

కంటితో చూసి ఆపడం మీద నమ్మకం లేకపోతే ఘన ఆక్సిడైజర్లకే ఓ.3 అనే మరో పరీక్ష ఉంది. అందులో రిఫరెన్స్ కాల్షియం పెరాక్సైడ్. కుప్ప త్రాసు మీదే మండుతుంది, బరువు నష్టంలో 20 నుంచి 80 శాతం దాకా ఉన్న భాగంనుంచి సెకనుకు ఎన్ని గ్రాములో లెక్కకడతారు. క్యాన్సర్ కారకమని అనుమానమున్న బ్రోమేట్‌తో పని తప్పుతుంది. కానీ ఓ.1 రిఫరెన్స్‌తో ఓ.3 శాంపిల్‌ను పోల్చడానికి వీల్లేదు.

తడిలేనిసెల్యులోజ్:
ఒకటి మరిచాను. 3:2 బ్రోమేట్, సెల్యులోజ్ మిశ్రమం కొన్ని సెకన్లలోనే భగ్గుమంటుంది. ముఖకవచం, షీల్డ్ లేకుండా స్విచ్ వేయొద్దు. మిగిలిపోయిన మిశ్రమాన్ని రేపటికి దాచొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. శాంపిల్ నీటితో చర్య జరపనిదైతే బాగా తడిపి, ఆక్సిడైజర్ వ్యర్థాల డబ్బాలోకి.