కాలా గోలొరిత్సే: కాలినడకన దిగడమా, పడవలో నుంచి చూడడమా?

ప్రశ్న: బరంపురం ఉపాధ్యాయురాలు

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురం. నేను ఇక్కడి పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. మావారు బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశారు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు పూర్తయ్యాయి కనుక, ఈసారి బంధుబలగం లేకుండా మేమిద్దరమే ఒక దూరప్రయాణం చేయాలని నిశ్చయించుకున్నాము. ఇటలీకి చెందిన సార్డీనియా దీవి తూర్పు తీరంలో, తెల్లని సున్నపురాతి కొండల నడుమ ఒదిగి ఉన్న కాలా గోలొరిత్సే అనే చిన్న సముద్రపు ఒంపును మావారు ఎంతో కాలంగా చూడాలనుకుంటున్నారు.

అయితే ఆయనకు కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది. నడక మానవద్దని వైద్యుడు చెప్పారు గానీ, నిటారుగా దిగే దారి గురించి మేము అడగలేదు. అక్కడికి పడవలో చేరుకునే వీలున్నదా? నాకు వేసవి సెలవులు, దసరా సెలవులు మాత్రమే దొరుకుతాయి; వాటిలో ఏది అనుకూలం? నేను సల్వార్ కమీజుతోనే నీటిలోకి దిగుతాను, అందుకు అక్కడ ఇబ్బంది ఉంటుందా? మేము శాకాహారులము. అనుభవజ్ఞులు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

జవాబు: గోపాల్‌పూర్ తీరవాసి

అమ్మా, నమస్కారం. ఓడ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇటలీ రేవులు చూశాను. ఉద్యోగం మానిన తరువాత మా ఇంటావిడతో కలిసి ప్రత్యేకంగా ఈ చోటికే వెళ్లి వచ్చాను. పడవ సంగతి ముందుగా చెబుతాను. పడవలు ఆ ఒడ్డుకు రావడం నిషేధం. బోయాల (హద్దు తెలిపేందుకు నీటి మీద తేలే గుర్తుల) వరుసకు అవతల, రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఆగి చూపించి, ముందుకు సాగిపోతాయి. కనుక ఆ గులకరాళ్ల మీద కాలు పెట్టాలంటే నడవక తప్పదు.

నడక గొల్గొ పీఠభూమి మీద సు పొర్తెద్దు అనే చోట మొదలవుతుంది. దారి పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లే అయినా, ఆ కొద్ది దూరంలోనే నాలుగు వందల మీటర్లకు పైగా దిగుతాము. తిరుగు ప్రయాణంలో అదంతా ఎక్కవలసిందే, అదీ నీటిలో తడిసి, ఎండలో అలసిన తరువాత. దిగడానికి గంట నుంచి గంటన్నర పట్టింది; ఎక్కడానికి మేము రెండు గంటలు తీసుకున్నాము. ఒడ్డున దుకాణం గానీ, మంచినీటి కుళాయి గానీ లేవు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు భుజాన మోయాలి.

ఇంత శ్రమకు తగినది అక్కడ ఏమున్నదని అడిగితే, నేను ముందుగా నీటి సంగతే చెబుతాను. మన సముద్రంలోకి ఋషికుల్య వంటి నదులు ఒండ్రు తెచ్చి కలుపుతాయి. అక్కడ కొండలన్నీ సున్నపురాయి కనుక వాన నీరు రాతి పగుళ్లలోకి ఇంకిపోయి, సముద్రం అడుగున చల్లని ఊటలుగా పైకి వస్తుంది. బురద తెచ్చే ఏరు లేదు, అడుగున పరచుకున్నవి తెల్లని గులకరాళ్లు. అందుకే మెడలోతు నీటిలో నిలబడినా కాలివేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గులకరాళ్ల ఒడ్డు 1962లో కొండచరియ విరిగిపడడం వలన ఏర్పడినదే. దాని మీద 143 మీటర్ల ఎత్తున సూదిలా నిలిచిన రాతి శిఖరం ఉన్నది. అంత పెద్ద రాతి కింద, అంత చిన్న ఒడ్డున ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. మా ఇంటావిడ ఆ పూట గురించి ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. గోపాల్‌పూర్‌లో మన నోలియాలు, అంటే అక్కడి జాలరులు, చేయి పట్టుకొని అలల్లోకి దింపుతారు. అక్కడ అటువంటి ఆసరాను ఆశించకండి. మధ్యధరా సముద్రంలో పోటు, ఆటుల తేడా చాలా తక్కువ కనుక మామూలు రోజుల్లో నీరు నెమ్మదిగానే ఉంటుంది గానీ, ఆ ఒంపు తూర్పు ముఖంగా ఉండడం వలన తూర్పు గాలి వీచిన రోజున అలలు నేరుగా ఒడ్డును తాకుతాయి. పైగా అడుగు కొద్ది దూరంలోనే లోతవుతుంది. ఈత రాకపోతే నడుములోతు దాటవద్దు. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి. సల్వార్ గురించి సంకోచించకండి, ఎవరూ పట్టించుకోరు. బరువెక్కని సన్నటి బట్ట అయితే చాలు.

జవాబు: పర్లాకిమిడి నడకరి

పై సభ్యులు చెప్పినదంతా నిజమే అయినా, మోకాలి విషయంలో నా అభిప్రాయం వేరు. నొప్పి దిగేటప్పుడు వస్తుందని మీరే రాశారు. మోకాలి మీద భారం ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువగా పడుతుంది. ఆ దారిలో రాళ్లు కదులుతూ ఉంటాయి, మధ్యలో ఆగిపోతే వాహనం వచ్చే మార్గం లేదు. మహేంద్రగిరికి యాత్రికులతో తరచుగా వెళ్లేవాణ్ణి కనుక చెబుతున్నాను: దంపతులలో ఒకరు నొప్పిని దాచుకొని నడిస్తే, రెండవవారికి ఆ రోజంతా ఆందోళనగానే గడుస్తుంది.

మీ ఊరికి దగ్గరలోనే తారాతారిణి కొండకు 999 మెట్లు ఉన్నాయి కదా. ఇద్దరూ రెండు చేతికర్రలతో వాటిని ఎక్కి, ముఖ్యంగా దిగి చూడండి. మరునాడు మోకాలు వాచకపోతే కొన్ని వారాలు అలాగే కొనసాగించండి. గోలొరిత్సే దిగుడు అంతకంటే చాలా పెద్దది కనుక, ఆ మెట్ల దగ్గరే నొప్పి మొదలైతే ఆలోచన మార్చుకోవడమే ఆయన పట్ల మీరు చూపే ప్రేమ. అప్పుడు కాలా గొనొనె రేవు నుంచి పడవలో కాలా లూనా, కాలా మరియోలు అనే ఒడ్డులలో దేనికైనా వెళ్లవచ్చు. అక్కడ పడవలు ఒడ్డున దింపుతాయి. ఇంకా ముందుకు సాగి గోలొరిత్సే శిఖరాన్ని సముద్రం మీద నుంచి చూపించే పడవలూ ఉంటాయి.

జవాబు: రాయగడ ప్రయాణికురాలు

అక్కయ్య గారూ, కాలం గురించి, కాగితాల గురించి నాకు తెలిసినది చెబుతాను. వేసవి సెలవులలో వెళ్తే మే నెలలో నడకకు వాతావరణం బాగుంటుంది గానీ నీరు ఇంకా చల్లగా ఉంటుంది; జూన్ మొదటి వారాలు రెండింటికీ నయం. దసరా నాటికి సముద్రం వేసవి వేడిని ఇంకా నిలుపుకొని ఉంటుంది, జనం కూడా తగ్గుతారు, అయితే ఆ తీరంలో శరత్కాలపు వానలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి కనుక ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

రోజుకు 250 మందిని మాత్రమే అనుమతిస్తారు. సుమారు ఏడు యూరోల ప్రవేశ రుసుము చెల్లించి యాప్ ద్వారా ముందే చోటు దక్కించుకోవాలి. ఋషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మనం ఒడ్డుకు దూరంగా ఉన్నట్లే, ఆ పరిమితిని గౌరవించాలని నా కోరిక. ఒక్క గులకరాయిని కూడా సంచిలో వేసుకోకండి. సార్డీనియాలో ఇసుక, రాళ్లు తీసుకుపోతే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా ఉన్నది.

ఒడిశా చిరునామా ఉన్నవారికి ఇటలీ వీసా కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. శ్రీకాకుళం వేరే రాష్ట్రం కనుక, అక్కడి చుట్టాలెవరైనా చెప్పిన విధానాన్ని అనుసరించకండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కారు నడుపుతారా? అయితే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోండి.

భోజనానికి అక్కడి కులుర్జోనెస్ అడగండి: బంగాళాదుంప, పుదీనా, గొర్రె జున్ను నింపి కజ్జికాయలా అంచు మడిచి ఉడికిస్తారు. కొందరు కొవ్వు కలుపుతారు కనుక ముందే విచారించాలి. జున్ను తయారీలో సాధారణంగా జంతు సంబంధమైన పదార్థం వాడతారన్నది కూడా గమనించండి.

బరంపురం ఉపాధ్యాయురాలు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. తారాతారిణి మెట్ల పరీక్షకు ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మోకాలు సహకరిస్తే జూన్‌లో నడిచి దిగుతాము, లేకపోతే కాలా లూనాకు పడవలో వెళతాము. చివరి సందేహం ఒక్కటే. బసకు బౌనెయి ఊరు మంచిదా, సముద్రం ఒడ్డున ఉన్న సాంతా మరియా నవర్రేజె మంచిదా?

గోపాల్‌పూర్ తీరవాసి

నడవదలచుకుంటే బౌనెయిలోనే ఉండండి, అమ్మా. ఆ ఊరు కొండ మీద ఉన్నది, గొల్గొ పీఠభూమికి దారి అక్కడి నుంచే పైకి వెళుతుంది, కనుక పొద్దున్నే చల్లదనంలో బయలుదేరవచ్చు. ఒంపుకు పడమటి దిక్కున కొండలు ఉన్నందున మధ్యాహ్నం దాటాక ఒడ్డు మీద నీడ పడుతుంది. నీటి రంగు చూడాలన్నా, మోకాలికి తొందర లేకుండా మెల్లగా పైకెక్కాలన్నా ఉదయమే దిగడం మేలు. పడవ ప్రయాణమే ఖాయమైతే రెండు రోజులు కాలా గొనొనెలో గది తీసుకోండి.